కాలేజీ చదువు: ఇంటి లెక్క, దీన్ లెక్క

ఇంటర్ ఫలితాలు వెలువడే రోజుల్లో జుమా నమాజు తర్వాత మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మౌల్వీ సాబ్, అబ్బాయిని కాలేజీకి పంపమంటారా? చదివి ఏం లాభం?" అడిగేవారిలో మెకానిక్ షెడ్డు నడిపేవారుంటారు, పండ్ల బండి పెట్టుకునేవారుంటారు, కుట్టు మిషను మీద సంసారం లాగేవారుంటారు, గల్ఫ్‌లో పదిహేనేళ్ళు కష్టపడి తిరిగొచ్చినవారుంటారు. వారు చదువు మీద అయిష్టంతో అడగడం లేదు. కళ్ళారా చూసిన సంగతులు వారి చేత అలా అడిగిస్తున్నాయి. పక్క వీధిలో బీటెక్ పూర్తిచేసిన కుర్రవాడు మోటారు సైకిలు మీద హోటల్ భోజనాలు ఇళ్ళకు చేరవేస్తున్నాడు. అదే వీధిలో పదో తరగతితో ఆపేసి ఏసీ రిపేరు నేర్చుకున్నవాడు ఇల్లు కట్టుకున్నాడు. ఇది చూసిన తండ్రికి సందేహం రాకపోతేనే ఆశ్చర్యం.

అలాంటి తండ్రికి ఇస్లాంలో విద్యకున్న ఔన్నత్యం గురించి అరగంట ఉపన్యాసం చెప్పి పంపించడం తేలిక. బీదర్‌లో మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా గురించి చెప్పవచ్చు. 1918లో హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైందని, అక్కడ వైద్యశాస్త్రం సైతం ఉర్దూలోనే బోధించారని చెప్పవచ్చు. అవన్నీ నిజమే, గర్వించదగినవే. కాని గత వైభవంతో ఈ ఏడాది ఫీజు తీరదు. ఆయన అడిగింది విద్య గొప్పదా కాదా అని కాదు. ఫలానా పిల్లవాడిని, ఫలానా కాలేజీలో, ఇంత డబ్బు పోసి, నాలుగేళ్ళు చదివించడం సరైనదేనా అని అడిగాడు. సమాధానం కూడా అంత సూటిగానే ఉండాలి. అందుకు ముందుగా షరీఅత్ విద్యను ఎలా విభజించిందో తెలుసుకుందాం.

ఏ విద్య ఎవరిపై విధి?

విద్యార్జన ప్రతి ముస్లింపై విధి అని దైవప్రవక్త (సఅసం) బోధించారు. మన సభల్లో ఈ హదీసును కాలేజీ చదువుకు నేరుగా అన్వయిస్తుంటారు. ఉలమాలు దీన్ని ఇంకాస్త వివరంగా చెప్పారు. ఒకటి ఫర్జె ఐన్, అంటే ప్రతి వ్యక్తీ స్వయంగా నేర్చుకోవలసినది: అఖీదా, తహారత్, నమాజు, రోజా, ధనముంటే జకాత్ నియమాలు, వ్యాపారం చేస్తుంటే హలాల్ హరామ్ విషయాలు. రెండవది ఫర్జె కిఫాయా. అది సమాజం మొత్తం మీద ఉన్న బాధ్యత. కావలసినంతమంది దాన్ని నెరవేరిస్తే మిగిలినవారి భారం తొలగిపోతుంది. ఎవరూ నెరవేర్చకపోతే ఆ పాపంలో అందరికీ భాగముంటుంది.

ఈ రెండవ విభాగంలోకి ఏమేమి వస్తాయి? ఇమామ్ గజాలీ (రహ్మ) తన 'ఇహ్యా ఉలూమిద్దీన్' తొలి అధ్యాయంలో వైద్యాన్ని, గణితాన్ని ఫర్జె కిఫాయాలో చేర్చారు. అంతేకాదు, వ్యవసాయం, నేతపని, కుట్టుపని వంటి వృత్తులను కూడా చేర్చారు. ఊళ్ళో వైద్యుడే లేకపోతే ప్రాణాలు పోతాయి, నేతగాడు లేకపోతే జనానికి బట్ట ఉండదు కదా అన్నది ఆయన ఆలోచన. క్రీ.శ. 1111లో పరమపదించిన ఆ మహనీయుడు తన కాలపు ముస్లిములను తప్పుబట్టిన తీరు మరీ గమనించదగినది. ఎన్నో పట్టణాల్లో ముస్లిమేతర వైద్యులు తప్ప వేరెవరూ లేరు, అయినా మనవారెవరూ ఆ విద్య జోలికి పోరు, పదవులు, పేరు తెచ్చిపెట్టే చదువుల చుట్టూ గుంపులుగా చేరతారు అని ఆయన వాపోయారు. తొమ్మిది వందల ఏళ్ళు దాటినా ఆ మాట పాతబడలేదు.

దీన్ని బట్టి రెండు విషయాలు తేలుతున్నాయి. కాలేజీ చదువు ప్రతి పిల్లవాడి మీదా ఫర్జ్ కాదు. మెకానిక్ అయినవాడు దేవుని ముందు దోషి కాడు. అతని పని కూడా సమాజపు అవసరాల్లో ఒకటే. ఇది మొదటిది. ఇక రెండవది: ఏ ఊళ్ళోనైతే ముస్లిం సమాజం నుంచి డాక్టరు, నర్సు, న్యాయవాది, లెక్కల మాస్టారు ఒక్కరూ రావడం లేదో, అక్కడ చదవగల శక్తి ఉన్న పిల్లవాడిని చదువు మాన్పించడం ఆ ఒక్క ఇంటి సొంత వ్యవహారం కాదు. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో ఇరవై ఏళ్ళు దాటినవారిలో డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవారు సుమారు 7 శాతం కాగా, ముస్లిములలో వారు 4 శాతానికి లోపే. ఆ తర్వాత పరిస్థితి కొంత మారింది. మన వీధుల్లోనే మొదటి తరం గ్రాడ్యుయేట్లు కనిపిస్తున్నారు. కాని నాటి వెనుకబాటు ఎంత లోతైనదో ఆ అంకె చెబుతుంది. అదే నివేదిక బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్ళేవారు సుమారు 3 శాతమేనని కూడా తేల్చింది. కనుక మనవారు కాలేజీలకు దూరం కావడానికి మదర్సాలే కారణమని ఎవరైనా అంటే నమ్మకండి.

పరాయివారి దగ్గర నేర్చుకోవచ్చా?

కొందరు పెద్దలు వేరే భయం వెలిబుచ్చుతారు. కాలేజీలో పాఠం చెప్పేది ఎవరో, పక్కన కూర్చునేది ఎవరో, పిల్లవాడు చెడిపోతాడేమోనని. బద్ర్ యుద్ధం తర్వాత ఏం జరిగిందో గుర్తుచేసుకుందాం. బందీలుగా పట్టుబడిన మక్కా ఖురైషీలలో కొందరి దగ్గర విడుదల సొమ్ము లేదు. అన్సార్ల పిల్లలకు రాయడం నేర్పితే అదే వారి విడుదల సొమ్ముగా దైవప్రవక్త (సఅసం) నిర్ణయించారు. నిన్నటిదాకా కత్తి పట్టి ఎదురు నిలిచిన ముష్రిక్కులు మదీనా పిల్లలకు అక్షరాల గురువులయ్యారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ప్రవక్త (సఅసం) ఆదేశం మీద యూదుల లిపిని పదిహేను రోజుల్లోపే నేర్చుకున్నారు. వారికి ఉత్తరాలు రాయడానికి, వారి నుంచి వచ్చిన ఉత్తరాలు చదవడానికి అది అవసరమైంది. అవసరమైన విద్య ఎవరి దగ్గర ఉన్నా నేర్చుకోవడానికి ఇంతకు మించిన ఆధారం ఏం కావాలి?

పిల్లవాడు కాలేజీలో నమాజు వదిలేస్తాడేమో అన్న భయం మాత్రం కొట్టిపారేయదగినది కాదు. అయితే ఆ భయానికి మందు పదిహేడో ఏట కాలేజీ మాన్పించడంలో లేదు. ఏడో ఏట నమాజుకు పురమాయించమని చెప్పిన హదీసులో ఉంది. ఇంట్లో ఫజ్ర్‌కు లేవని పిల్లవాడు షెడ్డులో పనికి చేరినా నమాజు చదవడు. కాలేజీ ఎంచుకునేటప్పుడు దగ్గర్లో మస్జిద్ ఉందా, హాస్టల్ గదిలో తోడు ఎవరు, జుమాకు వెళ్ళే వీలుందా అని తండ్రి స్వయంగా వెళ్ళి చూసి రావాలి. ఫీజు ఎంతో కనుక్కోవడానికి నాలుగుసార్లు తిరిగినవారు ఈ విషయం కనుక్కోవడానికి ఒక్కసారైనా వెళ్ళరెందుకో!

డిగ్రీ వేరు, విద్య వేరు

ప్రయోజనం కలిగించని జ్ఞానం నుంచి దైవప్రవక్త (సఅసం) అల్లాహ్ శరణు వేడుకునేవారు. ఈ దుఆను మనం మన కాలపు కాలేజీ సీట్ల మీద ఎందుకు అన్వయించుకోకూడదు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకాన్ని విస్తరించిన తర్వాత ఇంజనీరింగ్ కాలేజీలు వందల సంఖ్యలో వెలిశాయి. పేద ఇంటి పిల్లలకు తలుపు తెరుచుకుంది. ఇది కాదనలేని మేలు. ఎన్నో ముస్లిం కుటుంబాల్లో మొదటి ఇంజనీరు ఆ పథకం వల్లనే తయారయ్యాడు. కాని ఆ వరదలోనే సరైన అధ్యాపకులు లేని, ప్రయోగశాలకు తాళం వేసి ఉంచే కాలేజీలు కూడా పుట్టుకొచ్చాయి. వాటిలో చాలా సీట్లు నిండక మూతపడ్డాయి. ఈ మధ్యలో అక్కడ చదివిన పిల్లల చేతికి పట్టా వచ్చింది గాని పని రాలేదు. పక్క వీధి బీటెక్ కుర్రవాడిని చూసి చదువు దండగ అనుకునే తండ్రి నిజానికి ఆ కుర్రవాడు చదివిన కాలేజీని చూడాలి.

కాబట్టి ఫలానా కాలేజీలో చేర్పిస్తామని వచ్చిన దళారీ మాట మీద నిర్ణయం చేయకండి. అదే కాలేజీలో అదే కోర్సు రెండేళ్ళ కిందట పూర్తిచేసిన పిల్లలను ఇద్దరు ముగ్గురిని వెతికి పట్టుకుని అడగండి. పాఠాలు జరిగేవా? ఎంతమంది అన్ని సబ్జెక్టులూ పాసయ్యారు? ఇప్పుడు ఏం చేస్తున్నారు? కాలేజీ గోడ మీది పోస్టరు చెప్పని సంగతి వారు చెబుతారు. సీటు కన్వీనర్ కోటాలో వచ్చిందా, మేనేజ్‌మెంట్ కోటాలో కొంటున్నారా అన్నది ముఖ్యం. ఇంజనీరింగ్‌లో 70 శాతం సీట్లు కన్వీనర్ ద్వారా భర్తీ అవుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించేది వాటికే. మేనేజ్‌మెంట్ సీటు కొన్న తర్వాత ప్రభుత్వం ఫీజు కడుతుందని ఎదురుచూసి మోసపోయిన తల్లిదండ్రులు మాకు తెలుసు.

చేతిపని, డిప్లొమా

హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) తన చేతి కష్టంతో సంపాదించినదే తినేవారని హదీసులో ఉంది. ఆయన ప్రవక్త, రాజు కూడా. అయినా ఇనుముతో కవచాలు తయారుచేశారు. అందువల్ల పిల్లవాడికి పుస్తకం కన్నా యంత్రం మీద మనసుంటే అతన్ని బలవంతంగా బీటెక్‌లోకి తోయడం న్యాయం కాదు. అలాగని పదో తరగతి కూడా కానివ్వకుండా షెడ్డుకు పంపడం అంతకన్నా పెద్ద అన్యాయం.

ఎందుకంటారా? గల్ఫ్ వెళ్ళే కడప, నిజామాబాద్, కరీంనగర్ కుటుంబాలకు ఈ సంగతి అనుభవమే. పదో తరగతి పాసైనట్టు సర్టిఫికెట్ లేకుండా పాస్‌పోర్టు తీసుకునే సామాన్య కూలీకి ఈసీఆర్ ముద్ర పడుతుంది. అంటే సౌదీ, కువైట్, ఎమిరేట్స్ వంటి దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ కార్యాలయం అనుమతి తప్పనిసరి. పదో తరగతి పాసైతే ఆ అడ్డంకి లేదు. ఒక్క కాగితం ఉన్నందుకు, లేనందుకు ఇంత తేడా! ఇక పనిలో చేరిన తర్వాత ఐటీఐ సర్టిఫికెట్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కూ, చూసి నేర్చుకున్న ఎలక్ట్రీషియన్‌కూ చేతి నైపుణ్యం ఒకటే అయినా జీతం ఒకటి కాదు.

పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ళ పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాడికి ఉద్యోగం దొరికితే సరే. ఇంకా చదవాలనుకుంటే ఈసెట్ ద్వారా నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇంటర్, బీటెక్ దారి కంటే ఇందులో ఖర్చు తక్కువ, మధ్యలో ఆగినా చేతిలో ఒక పనికొచ్చే అర్హత మిగులుతుంది. మనవారిలో ఈ దారి గురించి తెలిసినవారు తక్కువ. మాకు అవకాశం దొరికిన ప్రతి చోటా దీన్ని ముందు చెబుతాం.

అప్పు చేసి చదివించవచ్చా?

అసలు ముల్లు ఇక్కడ ఉంది. విద్య మంచిదే. దాన్ని కొనడానికి తెచ్చిన సొమ్ము ఎలాంటిది?

వడ్డీ తినేవానిని, ఇచ్చేవానిని, ఆ పత్రం రాసేవానిని, సాక్షులను కూడా దైవప్రవక్త (సఅసం) శపించారని సహీహ్ ముస్లింలో ఉంది. ఇచ్చేవాడు కూడా ఆ జాబితాలో ఉన్నాడన్న సంగతి మనం మరచిపోతుంటాం. బ్యాంకు విద్యారుణంలో చదువుకునే కాలంలో కంతులు అడగరు. తండ్రికి అది సులువుగా కనిపిస్తుంది. కాని వడ్డీ మొదటి నుంచే లెక్కలో పెరుగుతూ ఉంటుంది. పిల్లవాడికి ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఒక రోజు నుంచి కంతులు మొదలవుతాయి. వడ్డీ తక్కువ కాబట్టి పరవాలేదనడం సరికాదు, తక్కువ రిబా కూడా రిబాయే. తప్పనిసరి అవసరం గురించి ఉలమాలు చర్చించిన సందర్భాలున్నాయి. అయితే 'అవసరం' అన్న మాటను ఎవరికి వారు ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోవడానికి వీల్లేదు. మీ పరిస్థితి మొత్తాన్ని, అంటే సీటు ఏది, వేరే దారి ఉందా, ఎంత తక్కువ పడుతోంది అన్నదంతా ముఫ్తీ గారి ముందు పెట్టి అడగండి. పేరులేని కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు కోసం వడ్డీ అప్పు చేయడం మాత్రం ఏ లెక్కన చూసినా అవసరం కిందకు రాదని మా అభిప్రాయం. ఆ డబ్బుతో ఆ కాలేజీలో చదవడం కంటే డిగ్రీ కాలేజీలో బీకామ్ చదువుతూ సాయంత్రం దుకాణంలో కూర్చోవడం దీన్‌కూ మంచిది, దునియాకూ మంచిది.

వడ్డీ లేని అప్పు అయినా అప్పు అప్పే. అప్పు తీర్చకుండా మరణించిన ఒక సహాబీ జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (సఅసం) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన మీద వేసుకున్న తర్వాతే నమాజు చేయించారు. బంధువుల దగ్గర చేబదులు తీసుకునే ముందు పిల్లవాడిని కూర్చోబెట్టి అప్పు ఎంతో, ఎవరిదో, ఎప్పటికి తీర్చాలో అతనికి చెప్పండి. చాలా ఇళ్ళలో పిల్లలకు బాధ తెలియకూడదని ఈ సంగతి దాచిపెడతారు. ఇంటి మీద ఎంత భారం ఉందో తెలిసిన పిల్లవాడు తరగతి ఎగ్గొట్టే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

ఇంకొక సంగతి. ఫీజు కట్టే రోజు దగ్గరపడగానే అందరి చూపూ పిల్లవాడి తల్లి మెడ మీద పడుతుంది. మహర్‌గా వచ్చిన బంగారం, పుట్టింటివారు ఆమెకే ఇచ్చిన బంగారం ఆమె సొంత ఆస్తి. దాని మీద భర్తకు గాని కొడుక్కి గాని హక్కు లేదు. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తే ఇవ్వవచ్చు, అది ఆమె త్యాగం. మౌనంగా తీసి ఇచ్చిందంటే ఒప్పుకున్నట్టే అనుకోకండి. అప్పుగా ఇస్తున్నదా, కానుకగా ఇస్తున్నదా అడిగి తెలుసుకోండి. అప్పయితే తీర్చాలి.

ఒకే కొడుకు మీద ఇల్లంతా పోసి మిగిలిన సంతానానికి ఏమీ మిగల్చకపోవడం కూడా చూస్తున్నాం. హజ్రత్ నుమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఆయనకు ఒక కానుక ఇచ్చి దానికి దైవప్రవక్త (సఅసం)ను సాక్షిగా ఉండమన్నారు. మిగిలిన పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (సఅసం) అడిగారు. లేదని చెప్పగా సాక్ష్యానికి నిరాకరించారు. ఎవరి అవసరాన్ని బట్టి వారి మీద ఖర్చు చేయడం వేరు, కానుకల్లో పక్షపాతం వేరు అని ఫుఖహాలు వివరించారు. చదివే పిల్లవాడి ఫీజు, చదవని పిల్లవాడి ఫీజు సమానంగా ఉండవు కదా. కాని పెద్దవాడి సీటు కోసం ఉన్న ఒక్క ప్లాటూ అమ్మి, చిన్నవాడినీ ఆడపిల్లనూ చదువు మాన్పించడం ఈ హదీసు నీడలోకి వచ్చే విషయమే.

సర్టిఫికెట్ల విషయంలో నిజాయితీ

సీటుకు ముందు కుల, ఆదాయ ధృవపత్రాలు కావాలి. 2007 చట్టం ద్వారా ముస్లిములలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించారు. హైకోర్టు దాన్ని కొట్టివేయగా 2010లో సుప్రీం కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. షేక్, ఖురేషీ, హజ్జామ్, ఫకీర్ వంటి వర్గాలు ఇందులో ఉన్నాయి. దూదేకులవారు అంతకు ముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. అర్హత ఉండి కూడా సమయానికి పత్రం తెచ్చుకోక సీటు పోగొట్టుకున్నవారు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. కౌన్సెలింగ్ మొదలయ్యాక మండల కార్యాలయం చుట్టూ తిరిగితే పని జరగదు. ఇంటర్ పరీక్షలు అయిన వారంలోనే ఆ పని చూసుకోండి.

సయ్యద్, మొఘల్, పఠాన్ కుటుంబాలు బీసీ-ఇలో లేవు. అందుకని సయ్యద్ ఇంటి పిల్లవాడిని షేక్ అని రాయించడం మా చెవిన పడుతోంది. తెలిసి తెలిసి తన తండ్రి కానివారిని తండ్రిగా చెప్పుకునేవారి గురించి హదీసుల్లో ఎంత తీవ్రమైన హెచ్చరిక ఉందో ఆ తల్లిదండ్రులకు తెలియదా? వంశం పేరు మార్చి రాయించడం అబద్ధ సాక్ష్యం. పైగా అర్హుడైన మరో పేద ముస్లిం పిల్లవాడి సీటు లాక్కోవడం. ఇతర రిజర్వేషన్ లేని పేద కుటుంబాలకు 2019 రాజ్యాంగ సవరణతో వచ్చిన ఈడబ్ల్యూఎస్ కోటా ఉంది. కుటుంబ ఆదాయం, ఆస్తుల పరిమితికి లోబడి ఉంటే సయ్యద్, పఠాన్ పిల్లలు దానికి నిజాయితీగా దరఖాస్తు చేసుకోవచ్చు. నిజం చెప్పి నడిచే దారి ఉండగా అబద్ధం దారి ఎందుకు?

ఇంకొక చిన్న సూచన. ప్రభుత్వం నుంచి ఫీజు బకాయి రాలేదని చెప్పి కాలేజీలు పిల్లల అసలు సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటున్నాయి. అలా ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే ప్రకటన జారీచేసింది. చేరేటప్పుడే పరిశీలించి తిరిగి ఇవ్వమని మర్యాదగా అడగండి, ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి.

ఆడపిల్లల మాట

కాన్పు సమయంలో లేడీ డాక్టరే కావాలని మనం పట్టుబడతాం. అది సిగ్గు, మర్యాదలకు సంబంధించిన విషయం, పట్టుబట్టవలసిందే. అయితే ఆ లేడీ డాక్టరు, ఆ నర్సు, ఆ స్కానింగ్ గదిలోని అమ్మాయి ఎవరో ఒకరి ఇంటి బిడ్డే కదా. పక్కింటివారి ఆడపిల్ల చదివి మన ఇంటి ఆడవారికి పురుడు పోయాలి, మన పిల్ల మాత్రం పదో తరగతితో ఇంట్లో కూర్చోవాలి, ఇదేం న్యాయం? ఇమామ్ గజాలీ (రహ్మ) చేసిన ఫిర్యాదు ఇవాళ ఇక్కడ మరింత వర్తిస్తుంది. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)కి రాత నేర్పారు. చీమ అనే పేరుగల చర్మవ్యాధికి చేసే దుఆ చికిత్సను కూడా ఆమెకు నేర్పమని ప్రవక్త (సఅసం) షిఫాతో అన్నారు. ఒక స్త్రీ మరో స్త్రీకి చదువు, వైద్యం రెండూ నేర్పడం ప్రవక్త ఇంటిలోనే జరిగింది.

హిజాబ్, ప్రయాణం, హాస్టల్ విషయంలో షరీఅత్ హద్దులు పాటించవలసిందే. వాటిని పాటిస్తూ చదవగల చోట్లు లేకపోలేదు. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఉంది. హైదరాబాద్ కోఠిలో 1924లో మొదలైన మహిళా కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయమైంది. జిల్లాల్లో మహిళా డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. మూడేళ్ళ జీఎన్ఎం నర్సింగ్, రెండేళ్ళ డీఫార్మసీ, ఉపాధ్యాయ శిక్షణ ఇంటికి దగ్గరలోనే దొరికే ఊళ్ళు ఎన్నో.

చదివిస్తే సంబంధం దొరకదని తల్లులు భయపడతారు. ఈ భయాన్ని పుట్టించింది అబ్బాయిల తల్లిదండ్రులే. కొడుకు బీటెక్ అయిందో లేదో జోడే కీ రఖమ్ పెరుగుతుంది. ఫీజుకు అయిన ఖర్చంతా పెళ్ళికూతురి తండ్రి నుంచి రాబట్టుకోవాలని చూస్తారు. కొడుకును చదివించింది దేనికి? అమ్మకానికి పెట్టడానికా? ఈ ఉద్దేశంతో చేర్పించే కాలేజీ ఎంత పేరున్నదైనా ఆ చదువులో బర్కత్ ఎలా ఉంటుంది?

హాఫిజ్‌లు, ఆలిమ్‌ల సంగతి

మదర్సాలో చదివిన పిల్లలకు ఇక కాలేజీ దారి మూసుకుపోయిందని అనుకోవడం సరికాదు. మాతో కలిసి చదివినవారిలో ఇమామత్ చేస్తూనే ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి, ఇంటర్ రాసి, ఆ తర్వాత డిగ్రీ పూర్తిచేసినవారున్నారు. 1982లో ఏర్పడి నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఉన్న సంస్థ పని చేసుకుంటూ చదివేవారికి అనుకూలం. 1998లో హైదరాబాద్‌లో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తాను గుర్తించిన మదర్సాల సనద్‌లను కొన్ని కోర్సుల ప్రవేశానికి అంగీకరిస్తుంది. కర్నూలులో 2016లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దర్స్ పూర్తిచేసిన యువ ఆలిమ్ ఇంగ్లీషు, లెక్కలు నేర్చుకుంటే ఆయన మింబర్ మీది మాటకు బలం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఫీజు ఎవరు కట్టాలి?

పిల్లవాడికి శక్తి ఉండి, చదివే విషయంలో ప్రయోజనం ఉండి, కాలేజీ సరైనదై ఉండి, డబ్బు ఒక్కటే అడ్డమైతే ఆ అడ్డు తొలగించడం జమాఅత్ బాధ్యత. పేద విద్యార్థికి జకాత్ ఇవ్వవచ్చా అని చాలామంది అడుగుతారు. ఇవ్వవచ్చు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం కొన్ని షరతులున్నాయి. విద్యార్థి దగ్గర నిసాబ్ మేరకు సంపద ఉండకూడదు. అతను బాలిగ్ అయితే అతని సొంత ఆస్తినే లెక్కలోకి తీసుకుంటారు, తండ్రిది కాదు. డబ్బు అతనికి సొంతమయ్యేలా ఇవ్వాలి. అతని చేతికో ఖాతాలోకో ఇవ్వాలి, లేదా అతని అనుమతితో అతని తరఫున కాలేజీకి కట్టాలి. జకాత్ సొమ్ముతో కాలేజీ భవనం కట్టించడం కుదరదు. తన కొడుక్కి, కూతురికి, మనవలకు జకాత్ ఇవ్వకూడదు. కాని పేదవారైన తోబుట్టువులకు, వారి పిల్లలకు ఇవ్వవచ్చు, అందులో బంధుత్వపు పుణ్యం కూడా ఉంది. అంటే గల్ఫ్‌లో ఉన్న మేనమామ అక్క కొడుకు ఫీజును తన జకాత్‌తో కట్టవచ్చు. సయ్యద్ విద్యార్థికి జకాత్ చెల్లదు. వారికి జకాత్ కాని సొమ్ముతో గౌరవంగా సహాయం చేయాలి.

ఒక చిక్కు ఉంది. మనవారు జకాత్ అంతా రమజాన్‌లో పంచేస్తారు, కాలేజీ ఫీజులు జూన్ నుంచి ఆగస్టు వరకు పడతాయి. రమజాన్ ఏటా ముందుకు జరుగుతూ ఉంటుంది కాబట్టి ఈ రెండూ కొన్నేళ్ళు కలుస్తాయి, చాలా ఏళ్ళు కలవవు. నిసాబ్ ఉన్నవాడు ఏడాది పూర్తికాకముందే జకాత్ చెల్లించవచ్చు. హజ్రత్ అబ్బాస్ (రజి)కి దైవప్రవక్త (సఅసం) అలా ముందుగా చెల్లించడానికి అనుమతించారు. కనుక వచ్చే రమజాన్‌లో ఇవ్వవలసిన జకాత్‌లో కొంత భాగాన్ని ఈ జూన్‌లోనే మీ మొహల్లా విద్యార్థికి ఇచ్చి, ఇచ్చిన మొత్తాన్ని ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. రమజాన్‌లో లెక్క చూసేటప్పుడు అంత తగ్గించి మిగిలినది ఇస్తే సరిపోతుంది. ఇచ్చేటప్పుడు ఇది జకాత్ అని విద్యార్థితో చెప్పనవసరం లేదు, మనసులో నియ్యత్ ఉంటే చాలు.